1941 బేస్‌బాల్ సీజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటూ పిల్లల లిటిల్ లీగ్ వల్లనో, ఆఫీసువాళ్లు ఇచ్చిన టికెట్ల వల్లనో బేస్‌బాల్‌కి అలవాటుపడినవాళ్ల చెవిన ఎప్పుడో ఒకప్పుడు రెండు అంకెలు పడతాయి: 56, .406. రెండూ 1941లో పుట్టినవే. ఆ ఏడాది గురించి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా ఇబ్బంది ఉండదు.

## ముందుగా తెలియాల్సినవి

అన్ని సీజన్లుండగా 1941కే ఎందుకింత పేరు?

న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు జో డిమాజియో వరుసగా 56 మ్యాచ్‌లలో హిట్ కొట్టాడు. బోస్టన్ రెడ్ సాక్స్ కుర్రాడు టెడ్ విలియమ్స్ .406 యావరేజ్‌తో సీజన్ ముగించాడు. ఇలాంటి వాటిలో ఒక్కటి జరిగినా ఆ ఏడాదిని జనం గుర్తుపెట్టుకుంటారు. అలాంటిది రెండూ ఒకే వేసవిలో, ఒకే లీగ్‌లో, బద్ధవిరోధులైన రెండు జట్లలో జరిగాయి. వరల్డ్ సిరీస్‌లో క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) చేజారిన ఒక్క బంతి మ్యాచ్‌నే తారుమారు చేసింది. సీజన్ ముగిసిన రెండు నెలలకే పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా యుద్ధంలోకి దిగింది, ఈ ఆటగాళ్లలో చాలామంది యూనిఫారం వేసుకున్నారు. అందుకే పాతతరం అభిమానులు 1941 అనగానే కాసేపు ఆగి మాట్లాడతారు.

నాకు క్రికెట్ తప్ప తెలీదు. .406 యావరేజ్ అంటే గొప్పేనా?

చాలా గొప్ప. క్రికెట్ యావరేజ్‌లో పరుగుల్ని అవుట్లతో భాగిస్తాం. ఇక్కడ లెక్క వేరు. బ్యాటర్ ఆడిన ఛాన్సులు ఎన్ని, అందులో హిట్ కొట్టి క్షేమంగా బేస్ (మైదానంలో పరిగెత్తి చేరాల్సిన మజిలీ) చేరినవి ఎన్ని అన్నదే చూస్తారు. పది ఛాన్సుల్లో మూడు హిట్లు కొడితే .300. ఏళ్ల తరబడి అలా ఆడేవాణ్ణి మేటి బ్యాటర్ అంటారు. అంటే పదిలో ఏడుసార్లు విఫలమైనా అతను హీరోనే. పిచర్ (బంతి వేసేవాడు) నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కి నడిచి వెళతాడు. దాన్ని వాక్ అంటారు, అది ఈ లెక్కలోకి రాదు. విలియమ్స్ ఆ ఏడాది 456 ఛాన్సుల్లో 185 హిట్లు కొట్టాడు, .406 అక్కడి నుంచే వచ్చింది.

అప్పటి లీగ్ ఇప్పటిలాగే ఉండేదా?

ఆట అదే, చుట్టూ ఉన్న ప్రపంచం వేరు. మొత్తం 16 జట్లు, అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్‌లకి ఎనిమిది చొప్పున. ఒక్కో జట్టుకి 154 మ్యాచ్‌లు. ప్లేఆఫ్‌లు లేవు, రెండు లీగ్‌ల విజేతలు నేరుగా వరల్డ్ సిరీస్‌లో తలపడేవారు. పడమటి వైపు చిట్టచివరి ఊరు సెయింట్ లూయిస్, అంతకు మించి పెద్ద లీగ్ లేదు. జట్లు రైళ్లలో తిరిగేవి, జనం రేడియోలో వినేవారు, ఎక్కువ మ్యాచ్‌లు పట్టపగలే జరిగేవి. నల్లజాతి ఆటగాళ్లకి మాత్రం ఈ 16 జట్లలో ఒక్కదాంట్లోనూ చోటు లేదు.

## డిమాజియో 56 మ్యాచ్‌లు

స్ట్రీక్ అంటే ఏంటి? ఎప్పుడు మొదలైంది?

ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా ప్రతిదాంట్లో కనీసం ఒక హిట్ కొడుతూ పోవడమే హిట్టింగ్ స్ట్రీక్. డిమాజియోది మే 15న యాంకీ స్టేడియంలో మొదలైంది. చికాగో వైట్ సాక్స్ పిచర్ ఎడ్డీ స్మిత్ మీద ఒక మామూలు సింగిల్ (ఒక్క బేస్ వరకే తీసుకెళ్లే హిట్) కొట్టాడు. ఆ రోజు యాంకీస్ 13-1తో చిత్తుగా ఓడారు కాబట్టి దాన్ని పట్టించుకున్నవాళ్లే లేరు.

56 మ్యాచ్‌ల్లో కొట్టినవి 91 హిట్లు. వాటిలో 34 మ్యాచ్‌ల్లో ఒక్కొక్క హిట్టే కొట్టాడు. నాకు ఈ రికార్డులో అన్నిటికన్నా నచ్చేది ఈ 34. అంటే సగానికి పైగా రోజుల్లో, ఆ ఒక్క బంతి ఫీల్డర్ చేతికి చిక్కి ఉంటే కథ అక్కడితో ముగిసేదే. ఈ రెండు నెలల్లో అతను స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లు, అంటే ఆడాల్సిన మూడు బంతులు వదిలి లేదా తప్పి అవుట్) అయింది ఐదంటే ఐదుసార్లు.

పాత రికార్డు ఎవరిది? మధ్యలో బ్యాట్ దొంగిలించారన్న కథ నిజమేనా?

నిజమే. అప్పటికి ఆధునిక రికార్డు 1922లో జార్జ్ సిస్లర్ నెలకొల్పిన 41 మ్యాచ్‌లు. జూన్ 29న వాషింగ్టన్‌లో మండే ఎండలో యాంకీస్‌కి ఒకే రోజు రెండు మ్యాచ్‌లు పడ్డాయి. మొదటిదాంట్లో డిమాజియో సిస్లర్‌ని అందుకున్నాడు. రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో ఎవరో అతని బ్యాట్ ఎత్తుకుపోయారు. రెండో మ్యాచ్‌లో మొదటి మూడు ఛాన్సులూ వృథా అయ్యాయి. తోటి ఆటగాడు టామీ హెన్రిక్ తన దగ్గరున్న బ్యాట్ ఇచ్చాడు. తమాషా ఏంటంటే అదీ డిమాజియోదే, అంతకుముందు హెన్రిక్‌కి అరువిచ్చినది. దాంతో ఏడో ఇన్నింగ్‌లో (మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి, ఒక్కోదాంట్లో రెండు జట్లూ ఒకసారి బ్యాట్ చేస్తాయి) సింగిల్ కొట్టాడు, 42 పూర్తయింది. పోయిన బ్యాట్ తర్వాత తిరిగొచ్చింది.

అప్పుడు పాత పుస్తకాలు తిరగేసి 1897లో విల్లీ కీలర్ 44 మ్యాచ్‌లు కొట్టాడని బయటికి తీశారు. ఆ కాలంలో ఫౌల్ (గీతల బయటికి పోయే బంతి) కొడితే స్ట్రైక్‌గా లెక్కించేవారు కాదు కాబట్టి కీలర్‌కి పని కాస్త తేలిక. అయినా డిమాజియో జూలై 2న బోస్టన్ మీద హోమ్ రన్‌తో (క్రికెట్ సిక్సర్ లాంటిది) ఆ గీతా దాటేశాడు.

అదృష్టం, తోటివాళ్ల సాయం లేకుండా 56 సాధ్యమయ్యేదా?

లేకపోతే కష్టమే. ఇందులో దాచాల్సిందేం లేదు. జూన్ 26న సెయింట్ లూయిస్ బ్రౌన్స్‌తో 38వ మ్యాచ్. ఎనిమిదో ఇన్నింగ్ వచ్చినా డిమాజియోకి హిట్ లేదు. యాంకీస్ సొంత మైదానంలో ముందంజలో ఉన్నారు, తొమ్మిదోది ఆడక్కర్లేదు కాబట్టి ఇదే ఆఖరి బ్యాటింగ్. అతని ముందు ఆడేది హెన్రిక్. ఒక అవుట్ పడింది, ఒక రన్నర్ బేస్ మీద ఉన్నాడు. హెన్రిక్ గట్టిగా కొట్టి అది డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అయితే మూడు అవుట్లయి ఇన్నింగ్ ముగుస్తుంది, డిమాజియో దాకా రాదు. అందుకని మేనేజర్ జో మెకార్తీని అడిగి మరీ బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తట్టి (దీన్ని బంట్ అంటారు), తాను అవుటై రన్నర్‌ని ముందుకు పంపాడు. తర్వాత డిమాజియో డబుల్ (రెండు బేస్‌ల హిట్) కొట్టాడు. పవర్ హిట్టర్ ఆధిక్యంలో ఉన్నప్పుడు బంట్ చేయడం మామూలుగా జరిగే పని కాదు.

ఇంకో వివాదం 30, 31వ మ్యాచ్‌లది. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ల్యూక్ ఆప్లింగ్ వైపు వెళ్లిన బంతుల్ని హిట్‌గా రాయాలా, ఫీల్డర్ తప్పుగా రాయాలా అన్న నిర్ణయం స్కోరర్ చేతిలో ఉంది. రెండుసార్లూ హిట్ అనే రాశారు. ఒకదాంట్లో బంతి అడ్డదిడ్డంగా ఎగిరి ఆప్లింగ్ భుజానికి తగిలిందన్నది నిజం. అనుమానించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నా మటుకు నాకు ఇందులో పేచీ కనబడదు, ప్రతి సీజన్‌లో ప్రతి బ్యాటర్‌కీ ఇలాంటివి అటూ ఇటూ పడుతూనే ఉంటాయి.

స్ట్రీక్ ఎలా ఆగింది?

జూలై 17 రాత్రి, క్లీవ్‌లాండ్ మునిసిపల్ స్టేడియం. చూడ్డానికి వచ్చినవాళ్లు 67,468 మంది. థర్డ్ బేస్‌మన్ కెన్ కెల్ట్‌నర్ ఆ రోజు బాగా వెనక్కి, గీతకి దగ్గరగా నిలబడ్డాడు. మొదటి ఇన్నింగ్‌లో డిమాజియో కొట్టిన బంతి గీత వెంట దూసుకుపోతుంటే కెల్ట్‌నర్ గ్లోవ్ అడ్డంగా తిప్పి పట్టి, ఫౌల్ నేలలోంచే మొదటి బేస్‌కి విసిరాడు. ముందురోజు వానకి నేల తడిగా ఉంది, పరుగు అందుకోవడంలో డిమాజియోకి ఒక్క క్షణం ఆలస్యమైంది, అవుట్. నాలుగో ఇన్నింగ్‌లో వాక్ వచ్చింది. ఏడోదాంట్లో అచ్చం మొదటిసారి లాంటి షాట్, కెల్ట్‌నర్ మళ్లీ పట్టాడు.

ఎనిమిదో ఇన్నింగ్‌లో అన్ని బేస్‌లూ నిండి ఉండగా ఆఖరి ఛాన్స్. పిచర్ అల్ స్మిత్ పోయి జిమ్ బాగ్‌బీ వచ్చాడు. డిమాజియో కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ లూ బూడ్రో ముందు చివర్లో పిచ్చిగా ఎగిరింది. బూడ్రో ఎలాగో అందుకుని డబుల్ ప్లే చేశాడు. టెన్షన్ అంతటితో అయిపోలేదు. తొమ్మిదో ఇన్నింగ్‌లో క్లీవ్‌లాండ్ తేరుకుని 4-3 దాకా వచ్చింది, స్కోరు సమం చేసే రన్నర్ మూడో బేస్ మీద ఉన్నాడు. అతను ఇంటికి (బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కి, అక్కడికి చేరితేనే పరుగు) చేరి ఉంటే ఆట ఇంకా సాగేది, డిమాజియోకి ఇంకో ఛాన్స్ రావచ్చు. చేరలేదు.

మర్నాటి నుంచి డిమాజియో మరో 16 మ్యాచ్‌లు వరుసగా హిట్ కొట్టాడు. కలిపితే 73 మ్యాచ్‌ల్లో 72.

ఆ రికార్డు ఎవరైనా బద్దలు కొడతారా?

ఇప్పటిదాకా దగ్గరికి వచ్చింది 1978లో పీట్ రోజ్, అదీ 44 దగ్గరే ఆగింది. ఈ కాలంలో ఒకే మ్యాచ్‌లో నలుగురైదుగురు కొత్త పిచర్లు గంటకి 95 మైళ్లకు పైగా విసురుతారు. అలసిపోయిన పిచర్ మీద మూడోసారి, నాలుగోసారి ఆడే సుఖం బ్యాటర్లకి లేదు. ఎవరో ఒకరు 50 దాటితే చూడాలని నాకూ ఉంది కానీ ఆశ తక్కువ. అన్నట్టు డిమాజియో సొంత రికార్డే ఇంకా పెద్దది. 1933లో, టీనేజ్ కూడా దాటకముందే, శాన్ ఫ్రాన్సిస్కో సీల్స్ అనే మైనర్ జట్టుకి ఆడుతూ వరుసగా 61 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు.

## విలియమ్స్ .406

చివరి రోజు ఆడకుండా కూర్చున్నా .400 దక్కేదట కదా? మరి ఎందుకు ఆడాడు?

సెప్టెంబర్ 28, ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్క్‌లో సీజన్ ఆఖరి రోజు, రెండు మ్యాచ్‌లు. అప్పటికి విలియమ్స్ లెక్క 448 ఛాన్సుల్లో 179 హిట్లు. భాగిస్తే .39955. మూడు అంకెలకి సవరిస్తే .400 అని రికార్డు పుస్తకంలో పడుతుంది. మేనేజర్ జో క్రోనిన్ కావాలంటే కూర్చోమన్నాడు. విలియమ్స్ వద్దన్నాడు. సవరించి వచ్చిన నాలుగు వందలు అతనికి నాలుగు వందలు కాదు. ముందురోజు రాత్రి నిద్రపట్టక క్లబ్‌హౌస్ మనిషి జానీ ఓర్లాండోతో కలిసి ఆ ఊరి వీధులన్నీ తిరిగాడు.

మొదటిసారి బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు అంపైర్ బిల్ మెగోవన్ వంగి ప్లేట్ దులుపుతూ, నాలుగు వందలు కొట్టాలంటే బిగుసుకుపోకూడదు అన్నట్టుగా ఓ మాట అన్నాడని విలియమ్స్ తర్వాత చెప్పుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో ఐదింటికి నాలుగు హిట్లు, అందులో ఒక హోమ్ రన్. అక్కడే ఆపేసినా .404. రెండోదీ ఆడి మూడింటికి రెండు కొట్టాడు. మొత్తం ఎనిమిదింటికి ఆరు. అప్పటికి అతని వయసు 23.

ఇప్పటి రూల్స్ ఉంటే అతని యావరేజ్ ఇంకా పెరిగేదా?

పెరిగేది. రన్నర్‌ని ఇంటికి చేర్చేలా గాల్లోకి లేచే ఫ్లై బంతి కొట్టి అవుటైతే ఇప్పుడు దాన్ని ఛాన్సుగా లెక్కించరు. 1941లో లెక్కించేవారు. ఇప్పటి లెక్కన చూస్తే .410 దాటేది.

డెట్రాయిట్ ఆల్-స్టార్ మ్యాచ్‌లో ఏం జరిగింది?

జూలై 8, బ్రిగ్స్ స్టేడియం, రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ల మధ్య మ్యాచ్. అమెరికన్ లీగ్ 5-3తో వెనకబడి ఉంది. తొమ్మిదో ఇన్నింగ్‌లో డిమాజియో కొట్టిన బంతి డబుల్ ప్లే అయ్యి మ్యాచ్ ముగియాల్సింది. సెకండ్ బేస్‌మన్ బిల్లీ హెర్మన్ విసిరింది పక్కకి పోవడంతో డిమాజియో బతికిపోయాడు, ఒక పరుగు వచ్చి 5-4 అయింది. రెండు అవుట్లు, ఇద్దరు రన్నర్లు. విలియమ్స్, పిచర్ క్లాడ్ పాసో బంతిని పై అంతస్తు దాకా కొట్టాడు, 7-5. బేస్‌ల చుట్టూ చప్పట్లు కొట్టుకుంటూ, చిన్నపిల్లాడిలా గెంతుతూ పరిగెత్తాడు. అభిమానులతో, పత్రికలవాళ్లతో ముభావంగా ఉండే మనిషిని అలా చూడ్డం అరుదు.

.406 కొట్టినా ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) విలియమ్స్‌కి ఎందుకు రాలేదు?

ఓటు వేసేది పత్రికా రచయితలు. 24 మందిలో 15 మంది డిమాజియోని మొదట పెట్టారు, విలియమ్స్‌కి 8 వచ్చాయి. పాయింట్లలో 291, 254. కారణాలు తేలికే. యాంకీస్ 101 గెలిచి లీగ్ కైవసం చేసుకున్నారు, బోస్టన్ 17 మ్యాచ్‌లు వెనక ఉంది. స్ట్రీక్ నడిచిన రోజుల్లో యాంకీస్ 41 గెలిచి 13 ఓడారు. డిమాజియో ఫీల్డింగ్ కూడా మేటి.

నన్నడిగితే నా ఓటు విలియమ్స్‌కే. స్ట్రీక్ నడిచిన ఆ రెండు నెలల్లోనే డిమాజియో .408 కొడితే విలియమ్స్ .412 కొట్టాడు. మొత్తం సీజన్‌లో 37 హోమ్ రన్లతో లీగ్‌లో మొదట నిలిచాడు, పైగా వచ్చిన ప్రతి రెండుసార్లలో ఒకటికి పైగా బేస్ చేరాడు. రోజూ పేపర్లో పెరిగే అంకెకి ఉన్న గ్లామర్ సీజన్ చివర తేలే అంకెకి ఉండదు, అంతే.

.400 కొట్టిన చివరి ఆటగాడు విలియమ్సేనా?

దశాబ్దాల పాటు అలాగే చెప్పారు. అతని ముందు 1930లో బిల్ టెర్రీ .401, తర్వాత 1980లో జార్జ్ బ్రెట్ .390, సమ్మెతో ఆగిపోయిన 1994లో టోనీ గ్విన్ .394. కానీ 2024లో మేజర్ లీగ్ సంస్థ నల్లజాతి ఆటగాళ్ల నీగ్రో లీగ్‌ల గణాంకాలనీ అధికారిక పుస్తకంలో కలిపింది. ఆ లెక్కన 1943లో జాష్ గిబ్సన్ కొట్టిన .466 ఉంది, ఒక సీజన్‌కి అదే ఇప్పుడు అత్యధికం. కాబట్టి అమెరికన్, నేషనల్ లీగ్‌లలో చివరివాడు విలియమ్స్ అంటేనే సరి.

## వరల్డ్ సిరీస్

బ్రూక్లిన్‌వాళ్లు ఇప్పటికీ 1941 అంటే ఎందుకు నిట్టూరుస్తారు?

బ్రూక్లిన్ డాడ్జర్స్ 1920 తర్వాత మొదటిసారి లీగ్ గెలిచారు, సరిగ్గా వంద మ్యాచ్‌లు గెలిచి. ఎదురుగా ఉన్నది అదే నగరంలోని యాంకీస్. సిరీస్‌లో యాంకీస్ 2-1 ముందంజ. అక్టోబర్ 5న ఎబెట్స్ ఫీల్డ్‌లో నాలుగో మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్, డాడ్జర్స్ 4-3 ముందున్నారు, రెండు అవుట్లు పడ్డాయి. పిచర్ హ్యూ కేసీ వేసిన బంతికి టామీ హెన్రిక్ బ్యాట్ ఊపి తప్పాడు. మూడో స్ట్రైక్, మ్యాచ్ అయిపోయినట్టే. కానీ బంతి క్యాచర్ మిక్కీ ఓవెన్ గ్లోవ్‌కి తగిలి పక్కకి దొర్లిపోయింది. క్యాచర్ మూడో స్ట్రైక్ పట్టలేకపోతే, రెండు అవుట్లున్నప్పుడు బ్యాటర్ మొదటి బేస్‌కి పరిగెత్తొచ్చు. హెన్రిక్ పరిగెత్తాడు.

ఆ తర్వాత డిమాజియో సింగిల్. చార్లీ కెల్లర్ రెండు స్ట్రైక్‌లు పడ్డాక డబుల్ కొట్టి ఇద్దర్ని ఇంటికి చేర్చాడు. బిల్ డిక్కీకి వాక్, జో గోర్డన్ ఇంకో డబుల్. 7-4. సమం కావాల్సిన సిరీస్ 3-1 అయింది, మర్నాడు యాంకీస్ ముగించేశారు. బ్రూక్లిన్‌కి మొదటి వరల్డ్ సిరీస్ టైటిల్ 1955లో గానీ దక్కలేదు.

తప్పంతా ఓవెన్‌దేనా?

బంతి వదిలింది అతనే, కాదనలేం. ఆ బంతి మామూలు కర్వా (వంపు తిరిగే బంతి) లేక నిషేధించిన ఉమ్మి బంతా అన్న వాదన కూడా ఎడతెగకుండా సాగుతూనే ఉంది. అయితే ఒక్క బంతి చేజారితే హెన్రిక్ మొదటి బేస్ మీద నిలబడ్డాడు, అంతేగా? స్కోరు ఇంకా 4-3. తర్వాతి నలుగురినీ ఒక్కసారి కూడా అవుట్ చేయలేకపోయింది కేసీ. అతని దగ్గరికి వెళ్లి ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనిచ్చేవాళ్లు లేకపోయారు. పాపం ఓవెన్ పేరు మాత్రం ఆ ఒక్క బంతికే అతుక్కుపోయింది.

## ఆట బయట

లూ గెరిగ్ చనిపోయింది ఆ ఏడాదేనా?

అవును, జూన్ 2న, 38వ పుట్టినరోజుకి కొద్దిరోజుల ముందు. యాంకీస్‌కి వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన మనిషి. నరాలని, కండరాలని తినేసే ఏఎల్‌ఎస్ వ్యాధితో 1939లో ఆట మానేశాడు. ఆ జబ్బుని అమెరికాలో ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. అతను పోయిన రోజు యాంకీస్ క్లీవ్‌లాండ్‌లో ఆడుతున్నారు, డిమాజియో స్ట్రీక్ అప్పటికి ఇరవై మ్యాచ్‌లు కూడా నిండలేదు.

యుద్ధం సీజన్ మీద ఎప్పుడు పడింది?

పెర్ల్ హార్బర్ కన్నా ముందే. 1940 సెప్టెంబర్‌లోనే నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. డెట్రాయిట్ స్టార్ హాంక్ గ్రీన్‌బర్గ్, ముందు ఏడాది ఎంవీపీ, మే 6న రెండు హోమ్ రన్లు కొట్టి మర్నాడు సైన్యంలో చేరాడు. 28 ఏళ్లు దాటినవాళ్లని వదిలేయడంతో డిసెంబర్ 5న బయటికొచ్చాడు. రెండు రోజులకే దాడి జరిగింది, మళ్లీ తనంతట తానే చేరి 1945 దాకా ఉన్నాడు. ఆ ఏడాది 25 మ్యాచ్‌లు గెలిచిన క్లీవ్‌లాండ్ పిచర్ బాబ్ ఫెలర్ దాడి జరిగిన రెండో రోజే నౌకాదళంలో చేరాడు. డిమాజియో, విలియమ్స్ ఇద్దరూ 1943 నుంచి 1945 దాకా మూడేసి సీజన్లు పోగొట్టుకున్నారు.

సీజన్ నడుస్తుండగానే మే 27న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ రేడియోలో జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ రాత్రి న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో మ్యాచ్ ఆపేసి ఆటగాళ్లూ ప్రేక్షకులూ లౌడ్‌స్పీకర్లలో ఆ ప్రసంగం విన్నారు. అయ్యాక ఆట కొనసాగింది.

లాస్ ఏంజెలెస్‌కి అప్పుడే జట్టు రావాల్సిందా?

సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని తన జట్టుని అక్కడికి తరలించాలని అంతా సిద్ధం చేసుకున్నాడు. లీగ్ సమావేశంలో ఆమోదం కోసం పెట్టాల్సిన రోజు డిసెంబర్ 8. ముందురోజు పెర్ల్ హార్బర్. ప్రతిపాదన అక్కడే చచ్చింది. లాస్ ఏంజెలెస్‌కి 1958లో వచ్చిన జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్.

నల్లజాతి ఆటగాళ్లు ఆ ఏడాది ఎక్కడ ఆడారు?

నీగ్రో లీగ్‌లలో. ఆ అడ్డుగోడ దాటిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌లో అడుగుపెట్టడానికి ఇంకా ఆరేళ్లుంది. 1941 జూలైలో చికాగో కమిస్కీ పార్క్‌లో జరిగిన వాళ్ల ఈస్ట్-వెస్ట్ ఆల్-స్టార్ మ్యాచ్‌కి దాదాపు 50,000 మంది వచ్చారు. సాచెల్ పేజ్ లాంటి పిచర్ల బంతుల్ని అమెరికన్, నేషనల్ లీగ్ బ్యాటర్లు సీజన్‌లో ఎదుర్కోలేదు. 56నీ, .406నీ ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి పక్కన పెట్టి మాట్లాడకూడదు.

ఆ స్టేడియాలు ఇప్పుడు చూడొచ్చా?

బోస్టన్ ఫెన్వే పార్క్ అలాగే ఉంది, మ్యాచ్ లేని రోజుల్లోనూ టూర్ తీసుకోవచ్చు. చికాగో రిగ్లీ ఫీల్డ్ కూడా ఉంది. మేజర్ లీగ్ స్టేడియంలో మొట్టమొదట ఆర్గాన్ మోగింది 1941లో అక్కడే. మిగతావి దాదాపు అన్నీ పోయాయి. పాత యాంకీ స్టేడియం కూల్చిన చోట ఇప్పుడు పిల్లలు ఆడుకునే మైదానాలున్నాయి, కొత్త స్టేడియం రోడ్డుకి అవతలే. ఎబెట్స్ ఫీల్డ్ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒకేచోట అంతా చూడాలంటే న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం మేలు. న్యూయార్క్ నగరం నుంచి కారులో సుమారు నాలుగు గంటలు. జూలై చివర్లో కొత్తవాళ్లని చేర్చుకునే వేడుక ఉంటుంది, ఆ వారాంతం ఊళ్లో గదులు దొరకవు కాబట్టి ఆ రోజులు వదిలేసి వెళ్లండి.